మొదటి కొరుకు మర ముందే

1. సోమవారం

ఈ రోజు నుంచి నా పని, పిల్లలు మధ్యాహ్నం ఏం తింటున్నారో రాయడం. పదమూడేళ్ళ నుంచి పదహారేళ్ళ వాళ్ళు. బడి తిండి తినేవాళ్ళది ఒక బల్ల, ఇంటి నుంచి సద్ది తెచ్చుకునేవాళ్ళది ఇంకో బల్ల. ముందు తూచాలి, తిన్నాక మిగిలింది తూచాలి. నెలాఖరున పిల్లల బరువూ నెత్తురు బలమూ పక్కన రాయాలి.

పెద్దగా మాట్లాడే పని కాదు కాబట్టి సిస్టర్ అగతా నా పేరు చెప్పారట. ఈ కాన్వెంటులోనే చదివాను, ఈ హాస్టల్లోనే పెరిగాను. ఈ హాల్లో మాట్లాడకుండా కూర్చోవడం నాకు బాగా వచ్చు.

దీపాలు వెలిగించగానే తూకం మీది రాతిదుమ్ము తుడిచి సిద్ధంగా పెట్టాను. సరుకుల సంఘం నుంచి భాస్కరాచారిగారు వచ్చారు. మెడలో అందరిలాగే దుమ్ముగుడ్డ, కానీ చాలా తెల్లగా ఉంది.

"సూడమ్మా ఎస్తేరూ, పొయ్యిలు ఇంగ మూడో అంతస్తులోనే మిగిలినాయి. వాళ్ళు పోపు పెడితే ఆ పొగంతా పోయి గాలి జల్లెడలకు పట్టుకుంటాది. జల్లెడ మూసుకుంటే కింద అంతస్తుల్లో ఊపిరాడదు. బడి తిండే మేలని నీ లెక్కలో తేలితే నెలాఖరుకు పొయ్యిలు పెరికేస్తాం. ల్యాకుంటే ఉంచుతాం."

"ఏది తేలాలండీ?" అని అడిగాను. అడిగాక సిగ్గేసింది.

ఆయన నవ్వారు. "ఏది నిజమో అదే తేలాల."

ఆ నవ్వు నాకు నచ్చలేదు.

2. మంగళవారం

బడి తిండి వంటమర చేస్తుంది. పప్పు, ఆకుకూర, గింజలు, నెత్తురు పట్టే మందు అన్నీ కలిపి, నొక్కి, ఎండబెట్టి పలకలా బయటికి తోస్తుంది. పిల్లలు దాన్ని బండ అంటారు. పైన ఎండలకు మనుషులు నిలవలేక తాతల కాలంలో అందరూ ఈ బండల గనిలోకి దిగారు కాబట్టి, పేరు కోసం వాళ్ళు వెతుక్కోవలసిన పని లేకపోయింది.

"ఈ దినం ఏం బండరా?"

"కాకరకాయ బండ."

"ఇంటికి తీస్కపోయి గచ్చుకు పరుచుకో పో."

బండ చేత్తో విరగదు. పళ్ళతో కొరకాల్సిందే. కొరికిన చోట చీలుతుంది.

ఎవరి బండ వాళ్ళే తినాలి. ఇంకొకరికి ఇస్తే లెక్క తప్పుతుంది. అందుకు సంఘం ఒక పద్ధతి పెట్టింది. వరుసలో నిలబడి బండ అందుకున్న పిల్ల అక్కడే, మర కన్ను ముందే, మొదటి కొరుకు కొరకాలి. కన్ను పంటిగాటును చూసి పచ్చదీపం వేస్తుంది. అప్పుడే ముందుకు కదలాలి. ఇది భాస్కరాచారిగారి ఆలోచన.

"కాపలా మనిషిని పెడితే లంచం తింటాడు, తలుపు పెడితే గడియ తీస్తారు," అని నాకు చెప్పారు. "అదే ఎంగిలి చేపిస్తే? ఎంగిలైన దాన్ని ఇంగెవురు ముట్టుకుంటారు సెప్పు."

సిస్టర్ అగతాకు ఈ పద్ధతి గిట్టదు. ప్రార్థన కాకముందే నోట్లో పెట్టుకోవడం ఏమిటని ఆవిడ గొణుగుతారు. కొరికి కూర్చున్నాకే పిల్లలు కళ్ళు మూసుకుని భోజన ప్రార్థన చేస్తారు. నేనూ చేస్తాను.

3. అదే వారం, శుక్రవారం

బడి బల్ల మీద మిగులు లేదు. ఐదు రోజులుగా సున్నా. కాకరకాయ బండ రోజు కూడా సున్నా.

సద్ది బల్ల మీద మిగులుతుంది. గిన్నె అడుగున చారు, పక్కన పెట్టిన ఎండుమిర్చి, ఒక మూల రాగి సంగటి.

ఈ లెక్క చూస్తే బడి తిండే గెలిచినట్టు. భాస్కరాచారిగారు సాయంత్రం వచ్చి చూసి, "బాగుందే," అన్నారు. నాకు మాత్రం బాగా లేదు. పద్నాలుగేళ్ళప్పుడు నేనూ ఈ బల్ల దగ్గరే కూర్చున్నాను. కాకరకాయ ఎవరూ మిగల్చని రోజు ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు.

నా తూకాన్ని అనుమానించాను. పడికట్టు రాళ్ళు పెట్టి చూశాను, సరిగానే ఉంది. కుళాయిల కాలవలోకి వంగి చూశాను, ముక్కలేమీ లేవు. చెత్తబుట్ట వెతికాను. నన్ను చూసి సద్ది బల్ల మీది ఓబులమ్మ పక్కపిల్లతో ఏదో చెప్పి నవ్వింది.

ఓబులమ్మకు పదిహేనేళ్ళు, మూడో అంతస్తు పిల్ల. రోజూ సద్దిగిన్నె తూకం మీద పెట్టేటప్పుడు నన్ను ఏదో ఒకటి అంటుంది.

"ఎస్తేరక్కా, మా యమ్మ చేసిన సంగటిని దినమ్మూ తూస్తాండావే, దిష్టి తగలదా?"

నాకు జవాబు రేపటికి తోస్తుంది. ఎప్పుడూ అంతే.

4. రెండో వారం, బుధవారం

ఈ రోజు ఒక సంగతి చూశాను.

ఓబులమ్మ సద్దిలో సంగటి, చెనిక్కాయల చట్నీ. మూత తీయగానే నాకు తుమ్ము వచ్చింది, అంత కారం. తిన్నాక గిన్నె ఖాళీ. కానీ ఆమె ముఖం మామూలుగా ఉంది. నీళ్ళు కూడా తాగలేదు.

కుళాయి దగ్గర దస్తగిరి నాలుక బయటపెట్టి "ఉస్సు, ఉస్సు" అంటూ దోసిళ్ళతో నీళ్ళు తాగుతున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. దస్తగిరికి పదహారేళ్ళు, రెండో అంతస్తు. వాళ్ళ ఇంట్లో పొయ్యి ఎప్పుడో తీసేశారు. ఇతను తిన్నది బండ ఒక్కటే. అందులో కారం ఉండదు.

"ఏమైంది?" అన్నాను.

"ఏంల్యాక్కా. బండ... కొంచెం కారంగుండాది."

పిల్లలంతా పోయాక మర అడుగున రాలిన పొడి వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నాను. ఎండుగడ్డి రుచి. కారం జాడ లేదు.

మొదట సంఘాన్ని అనుమానించాను. ఈ నెల లెక్క కోసం కొన్ని బండల్లో రుచి కలిపి పంపుతున్నారేమో. రుచిగా ఉంటే ఎవరు మిగులుస్తారు? కానీ నేను రుచి చూసింది దస్తగిరి తిన్న ఈ మధ్యాహ్నపు బండ పొడే.

తర్వాత శుక్రవారం ఓబులమ్మ నవ్వడం గుర్తొచ్చింది. అప్పుడు ఆమె పంటి సందున ఆకుపచ్చగా ఏదో ఉంది. పొయ్యి ఉన్న ఇళ్ళకు సంఘం ఆకుకూర ఇవ్వదు.

5. అదే వారం, శుక్రవారం

వరుసను దగ్గర నుంచి చూశాను. పిల్లలు బండ కొరికేటప్పుడు దుమ్ముగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు. ఆడపిల్లలు అలా చేస్తే నేను ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. నోరు తెరిస్తే పళ్ళు కనపడకూడదని మాకూ నేర్పారు. ఈ రోజు మగపిల్లలను చూశాను. వాళ్ళూ పెట్టుకుంటున్నారు. దస్తగిరి కూడా.

దస్తగిరి మర్యాద కోసం నోరు మూసుకుంటాడంటే నేను నమ్మను.

సిస్టర్ అగతాతో చెబుదామని వెళ్ళాను. ఆవిడ చాలా సంతోషంగా ఉన్నారు.

"ఈ ఏడు పిల్లల్లో భక్తి పెరిగింది ఎస్తేర్. భోజన ప్రార్థన చిన్నదిగా ఉంది సిస్టర్, పెంచండి అని వాళ్ళంతట వాళ్ళే అడిగారు. నేను రెండు భాగాలు కలిపాను. ఇంకొకటి కలపమంటున్నారు."

"ఎవరడిగారు సిస్టర్?"

"ఓబులమ్మ. ఆ పిల్ల చర్చికి రాదు కూడా, చూడు."

నేను ఏమీ చెప్పకుండా వచ్చేశాను.

6. మూడో వారం, సోమవారం

ప్రార్థనలో నేను కళ్ళు తెరవను. హాస్టల్లో అందరూ దొంగచాటుగా చూసుకునేవాళ్ళు, నేను చూసేదాన్ని కాదు. భయం వల్ల కాదు. ఆ కాసేపు ఎవరూ నన్ను చూడరని నాకు ఇష్టం.

ఈ రోజు తెరిచాను.

హాలంతా తలలు వంచుకునే ఉంది, కానీ వీపుల వెనక చేతులు కదులుతున్నాయి. రెండు బల్లల పిల్లలూ ఒకరికొకరు వీపులు పెట్టి కూర్చుంటారు. ఆ వీపుల మధ్య నుంచి సగం బండలు ఇటు వస్తున్నాయి, సంగటి ముద్దలు అటు పోతున్నాయి. చప్పుడు లేదు. నోళ్ళు మాత్రం సిస్టర్ వెంట ఒక్క మాట తప్పకుండా ప్రార్థన చెబుతున్నాయి. "ఆమెన్" అనేసరికి అందరి చేతులూ బల్ల మీదే ఉన్నాయి.

ఒక్క ఓబులమ్మ కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి. నన్నే చూస్తోంది.

7. మంగళవారం

వాళ్ళే వచ్చారు. కుళాయిల వెనక పేర్చిన రాతి బండల చాటున నిలబడ్డాం. ఓబులమ్మ ముందు, దస్తగిరి వెనక.

"ఎవురికి చెప్పినావక్కా?"

"ఎవరికీ చెప్పలేదు."

"నమ్మమంటావా?" అన్నాడు దస్తగిరి. "సంఘం మనిషివి నువ్వు."

"ఎంగిలి ఎలా తింటున్నారు?" అని అడిగాను. నాకు అది అర్థం కాలేదు.

ఓబులమ్మ నన్ను జాలిగా చూసింది. మెడలో గుడ్డ తీసి, మడత పెట్టి, పళ్ళ మధ్య పట్టుకుంది. "కాకి ఎంగిలి అక్కా. గుడ్డ అడ్డం పెట్టి కొరికితే ఉమ్మి తగలదు, పంటిగాటు పడతాది. మా జేజి నేర్పిచ్చింది. నీకు తెల్దా?"

తెలుసు. ఈ గనిలో పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. చిన్నప్పుడు బెల్లంముక్క అలాగే పంచుకుంటాం. భాస్కరాచారిగారికి ఎంగిలి గుర్తుంది గానీ కాకి ఎంగిలి గుర్తు రాలేదు.

"ఎందుకు చేస్తున్నారు ఇదంతా?"

"పోయినేడు మెట్ల మీద కండ్లు తిరిగి పడినా. నెత్తురు ల్యాదన్న్యారు. మందు బండలోనే ఉంటాది. బండ కావాలంటే పొయ్యి ఇచ్చేయాలంట. మా యమ్మ ఏడ్చింది. ఈడు సగం ఇస్తానన్న్యాడు."

"ఊరికే కాదులే," అన్నాడు దస్తగిరి. "ఒట్టి బండ నాకు గొంతు దిగదు. అంతకుముందు తీస్కపోయి పారేసేవాణ్ణి. బరువు తగ్గి గాలి తోలితే పడిపోయేట్టుంటి."

"ఇప్పుడు మాత్రం ఏం పెద్ద..." అంది ఓబులమ్మ.

"మూస్కో."

బడి పుస్తకంలో పిల్లల బరువులు, నెత్తురు బలం ఈ ఏడాది ఎందుకు బాగున్నాయో తెలిసింది. రెండు బల్లలూ బాగున్నాయి. ఏ బల్ల తిండీ ఒక్కటే అయితే చాలదు.

"రాస్తావా?" అంది.

రాస్తే రెండు బల్లల మధ్య గోడ కడతారు. ఓబులమ్మ మళ్ళీ మెట్ల మీద పడుతుంది. రాయకపోతే బడి బల్ల మీద మిగులు సున్నా, బడి తిండే మేలు అని తేలుతుంది. వాళ్ళమ్మ పొయ్యి పోతుంది. అదే వాళ్ళకు చెప్పాను.

"యా పక్క తిప్పినా మా నెత్తికేనా," అన్నాడు దస్తగిరి.

ఇద్దరూ వెళ్ళిపోయారు. నేను ఏం చేస్తానో వాళ్ళకు తెలియదు. నాకూ తెలియదు.

8. ఆఖరి శుక్రవారం

సంఘం నుంచి ముగ్గురు వచ్చారు. భాస్కరాచారిగారు, జల్లెడల పని చూసే ఒకాయన, ఒక పెద్దావిడ. భోజనాల వేళకే వచ్చి బడి బల్ల చివర కూర్చున్నారు. పిల్లలు ఈ రోజు గుడ్డలు అడ్డం పెట్టుకోలేదు. మర ముందు నిజంగానే కొరికారు. ప్రార్థనలో ఒక్క చేయీ కదల్లేదు. నేను కళ్ళు తెరిచే ఉన్నాను. దస్తగిరి బండను నములుతూనే ఉన్నాడు, మింగడం లేదు.

భాస్కరాచారిగారు నా కాగితం తీసుకుని పైకి చదివారు. "బడి బల్ల, మిగులు ల్యాదు. సద్ది బల్ల, మిగులుండాది. బరువూ నెత్తురూ ఇద్దరికీ సమానం. ఇంగేముండాది? వృథా ల్యాదు, పొగ ల్యాదు. తేలిపోయింది."

సద్ది బల్ల మీద ఎవరూ తినడం లేదు.

"తేలలేదండీ," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. 

అందుకని లేచి వెళ్ళి మర ముందు నిలబడ్డాను. బండ వచ్చింది. దుమ్ముగుడ్డ మడత పెట్టి పళ్ళ మధ్య పెట్టుకుని కొరికాను. పచ్చదీపం వెలిగింది. రెండు సగాలు చేసి, ఒకటి తీసుకెళ్ళి భాస్కరాచారిగారి పళ్ళెంలో పెట్టాను.

ఆయన చేయి వెనక్కి లాక్కున్నారు. "ఏందిది? ఎంగిలి!"

"కాకి ఎంగిలండీ."

హాల్లో ఎవరో "అబ్బా" అన్నారు. ఓబులమ్మ ముఖం వైపు నేను చూడలేదు. పెద్దావిడ ముందుకు వంగి పంటిగాటు చూసింది, నా మెడలో గుడ్డ చూసింది, ఒక్కసారిగా నవ్వేసింది.

"ఓయ్ ఆచారీ, మర కన్నుకు దీపం కూడా పడిందే! ఇంతకాలం ఎవురి బండ ఎవురు తిన్న్యారో నీకేం తెలుసు?"

ఆయన నవ్వలేదు. "ఇదంతా ఎప్పటి నుంచి జరుగుతాంది?" అని నన్నే అడిగారు.

 బల్ల అంచు పట్టుకున్నాను. "ఈ నెల ఎవరూ ఒక్కటే తినలేదండీ. సగం బండ, సగం సద్ది. ఆ బరువులు, ఆ నెత్తురు రెండూ కలిపి తిన్నందుకు వచ్చినవి. పొయ్యిలు తీసేస్తే మీ బల్ల కూడా పడిపోతుంది. మధ్యలో గోడ కట్టినా పడిపోతుంది."

ఇన్ని మాటలు ఒకేసారి నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

"కట్టు కథ," అన్నారాయన. "బండ ఒక్కటే చాలు. నేను నాలుగేండ్లుగా తింటాండా. మా ఇంట్లో పొయ్యి అందరికంటే ముందు నేనే తీపిచ్చినా." అలా అని, నా అబద్ధం బయటపెడుతున్నట్టు ఆ సగం బండ తీసి కొరికారు. నమిలారు. అందరూ చూస్తున్నారు. ఇంకా నమిలారు. గొంతు ఒకసారి కదిలింది గానీ దిగినట్టు లేదు. అలవాటు చొప్పున కుడిచేయి పళ్ళెం పక్కన దేనికోసమో తడిమింది. పక్క బల్ల చివరనున్న ఓబులమ్మను చూడకుండానే అడిగారు:

"నంజుకోను ఏమన్నా ఉండాదామ్మా?"

అడిగేశాక ఆయనకు వినపడింది. పెద్దావిడకూ, జల్లెడలాయనకూ వినపడింది.

ఓబులమ్మ గిన్నె మూత తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని చూశారు. తర్వాత వేలి కొసతో కొంచెం చట్నీ తీసుకుని తిన్నారు. తల వంచుకుని మిగతా బండ తిన్నారు.

వెళ్ళేటప్పుడు నా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఈ లెక్క పనికి రాదు. సోమారం మూడో అంతస్తుకు మనుషులొస్తారు," అని మాత్రం అన్నారు. ఎందుకో చెప్పలేదు.

 దస్తగిరి నా పక్క నుంచి పోతూ, "అంతా చెప్పేసినావు కదక్కా," అన్నాడు.

9. సోమవారం

పొద్దున్నే మూడో అంతస్తుకు వెళ్ళాను. ఇంతవరకూ ఆ మెట్లు ఎక్కవలసిన పని నాకు పడలేదు. ఓబులమ్మ వాళ్ళ గడప ముందు నిలబడ్డాను, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. వాళ్ళమ్మ పొయ్యికి అడ్డంగా నిలబడి ఉంది, చేతిలో సంగటి తెడ్డు.

"పెరకనీ సూస్తా," అంటోంది. "ముందు నన్ను పెరికి, తర్వాత పొయ్యి పెరకమను."

"మా, ఊరుకో," అంది ఓబులమ్మ. నా వైపు చూసి, "నీ వల్లే," అంది.

నేను కాదనలేదు. ఆచారిగారి మాట మీద నాకూ నమ్మకం లేదు.

మనుషులు వచ్చారు. నలుగురు, భుజాల మీద గునపాలు, నిచ్చెన. సందు మొదట నుంచి ఒక్కొక్క ఇల్లూ చేసుకుంటూ వస్తున్నారు. ఏం చేస్తున్నారో దుమ్ములో కనపడలేదు. మేమున్న గడప దగ్గర ఆగారు. ఒకడు నిచ్చెన వేసి పైకెక్కి, పొయ్యి మీది గాలి జల్లెడ ఊడదీసి కిందికి అందించాడు. నల్లగా, జిడ్డుగా, చేతి మందం మసి. మిగతావాళ్ళు దాన్ని సందులో పెట్టి గీకారు, కడిగారు. మళ్ళీ బిగించారు.

"నెలకోసారి కడగాలంట ఇంగ. కొత్త ఆర్డరు," అన్నాడు నిచ్చెన మీద నుంచి. "కొంచెం ఆవాలు తక్కువేయండమ్మా, మీ పోపులకు సస్తాండాం."

"అంతేనా?" అంది వాళ్ళమ్మ.

"ఇంగేం కావాల? ఇంత నీళ్ళుంటే ఇయ్యండి."

ఆమె నీళ్ళు ఇచ్చింది. తెడ్డు మాత్రం కింద పెట్టలేదు. వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా, గునపాల చప్పుడు వినపడకుండా పోయేదాకా పొయ్యి ముందు నుంచి కదల్లేదు. తర్వాత ఒక్కసారిగా కూర్చుండిపోయింది. ఓబులమ్మ పక్కన కూర్చుని ఆమె చేతిలోంచి తెడ్డు తీసుకుంది.

నేను వెనక్కి తిరిగాను. మెట్ల దాకా వెళ్ళానేమో.

"ఓ పాపా," అని పిలిచింది వాళ్ళమ్మ. "పొద్దున్నే వచ్చినావు. తిన్న్యావా ఏమన్నా?"

లేదని తల ఊపాను.

"రా మరి. గడపలో నిలబడితే పెడతారా?"

ఓబులమ్మ కొంచెం పక్కకు జరిగింది, నాకు చోటు వచ్చేంత. సంగటి పొగలు కక్కుతోంది. మధ్యలో గుంట చేసి నెయ్యి వేశారు, పక్కన చట్నీ. కారానికి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఓబులమ్మ చూసి చెంబు నా వైపు తోసింది.

తిన్నాను. ఎంతో తూచలేదు.